అమానత్ జోడీ

ఆదిలాబాద్,
జూలై 6.

శరత్ తమ్మీ,

సలాం. డబ్బా అందంగనే ముందుగాల మూత కింద అతికిచ్చిన ఈ కాయిదం చదువు, తర్వాతనే కవర్లు ముట్టు. మన పద్ధతి నీకెరికే గాని, మొన్న ఎండలల్ల మీ వాడల ట్రాన్స్‌ఫార్మర్ కాలి నీ చేపలన్నీ పోయినప్పటి సంది నీ మనసు మనసుల లేదు. "ట్యాంకులు అమ్మేస్తున్నా" అని రాసినవు. ఏం మాట అది? ట్యాంకులమ్మి ఏం జేస్తవు, సాయంత్రం పూట గోడను జూసుకుంట కూసుంటవా?

అందుకే మన మసి ఏంజెల్ జోడీ పంపుతున్న. ముందు సగం వెండి, వెనక సగం మసి. దుకాణంల దొరికే సరుకు కాదు ఇది, నేను సైకిల్ షాపు నడిపిన రోజులకెళ్లి ఏరి ఏరి నిలబెట్టిన జాతి. ఇప్పుడు నా ఇంట్ల తప్ప యాడ లేదు. ఒక్క ఇంట్లనే ఉంటె ఏ జాతన్నా ఒక్క పూటల ఖతమైతది, నీకైంది సూసినవు కద. ఇవి నీకు ఊకెనే ఇస్తలేను, అమానత్ పెడుతున్న. నా తాన పోతె నువ్వు నాకియ్యాలె, నీ తాన పోతె నేను నీకిస్త. గంతే.

రెండు దినాల సంది ఉపాసం పెట్టిన. ప్రయాణం జేసే చేప కడుపు ఖాళీగుండాలె, లేకుంటె కవర్లనే పాడు జేసుకొని ఆ నీళ్లల్లనే సస్తది. ఈ ఉపాసం కాడనే మీ వదిన హఫీజా ఉన్నన్నొద్దులు నాతోని లొల్లి. "మన గడప దాటేటోళ్లను ఆకలితోని పంపుతమా, చేపలైతె మాత్రం?" అని ఉడకబెట్టిన పచ్చసొన పట్టుకొని ట్యాంకు కాడ నిలబడేది. నేను ఆమె చెయ్యి పట్టి గుంజేది. ఆమె పోయి మూడేండ్లాయె. ఇప్పుడు లొల్లి పెట్టేటోళ్లు లేరు, డబ్బా కట్టుడు సుల్వైంది. సుల్వైంది గాని మంచిగ లేదు.

మరదలు మమతారాణి కంటి ఆపరేషన్ ఎట్లయింది? ఫోన్ జెయ్యకు. నా చెవులు ఇంక మందమైనయి. నువ్వు ఫోన్ల ఏమంటవో మా బిడ్డ యుమ్నా నా చెవుల ఒర్లి చెప్తది, వాడోళ్లందరికి ఎరుకైతది. కాయిదమే మంచిది. గాని నీ కాయిదాలు పేపర్ల వార్తల తీర్గ ఉంటయి, జర మనిషి లెక్క రాయి.

నీ అన్న,
రహీమ్


కరీంనగర్,
జూలై 15.

రహీమన్నకు నమస్కారం.

జోడీ క్షేమంగా చేరింది. బస్టాండు పార్సిల్ కౌంటర్‌లో కుర్రవాడు డబ్బా తలకిందులుగా పట్టుకున్నాడు. నేను అరిచిన అరుపుకు టిఫిన్ సెంటర్ వాళ్లు కూడా బయటికొచ్చారు. మెట్‌పల్లి దగ్గర బస్సు చాలాసేపు ఆగిందట, అయినా కవర్లలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. మొదట రెండూ ట్యాంకు వెనక మూలకు పోయి నన్ను చూసి మొహం తిప్పుకున్నాయి. ఇప్పుడు ఆడది నా వేలు కనబడితే చాలు పైకి వస్తుంది. మగవాడికి ఇంకా పొగరు తగ్గలేదు. నీ పెంపకం కదా.

మమతారాణి కన్ను బాగుంది. షాపులో విత్తనాల సంచుల మీది అక్షరాలు కూడా చదివేస్తోంది.

నిజం చెప్పనా అన్నా, ట్యాంకులు అమ్మేద్దామని ఒకతను మాట్లాడిపోయాడు కూడా. నీ డబ్బా రాకపోతే ఈపాటికి హాలు ఖాళీ. పొద్దున షాపుకు పోయే ముందు వాటి ముందు కూర్చుంటున్నాను, టీ చల్లారిపోతోంది. పేపర్ వార్తలా రాస్తానని ఎగతాళి చేశావు. మనిషిలా రాయడమంటే ఇదేననుకో.

మా చేపల గ్రూపులో ఫోటో పెట్టాను. హుజూరాబాద్ సిద్దిరాములు అని, కొత్తగా ఈ పిచ్చి పట్టినవాడు, ఫోన్ల మీద ఫోన్లు. "గా మసి జోడీ నాకు ఇప్పియ్యకుంటె మీ ఇంటి ముందర కూసుంట సార్" అంటున్నాడు. నువ్వు అమ్మవని చెప్పాను. బదులుగా తన దగ్గరి ఎర్ర ఫైటర్ చేపలు ఇస్తాడట. మనిషి మంచివాడే, పెంచగలడు. జాతి మూడో ఇంట్లో కూడా ఉంటే నీకూ ధైర్యం. ఆలోచించు.

శరత్‌చంద్ర


ఆదిలాబాద్,
ఆగస్టు 22.

శరత్ తమ్మీ,

సలాం. ఎండలల్ల పంపిన జోడీ అందిందో లేదో ఒక్క ముక్క రాయలే నువ్వు. గంత కోపమేంది నా మీద? ట్రాన్స్‌ఫార్మర్ బాగు జేసిన్రా? మమతారాణికి కంటి ఆపరేషన్ ఎప్పుడు?

యుమ్నా చెప్తె యాదికొచ్చింది, హుజూరాబాద్ ఆయనకు జోడీ గావాలె కద. ఇగో పంపుతున్న. మగది పెద్దది, దాని తోక పైలం, కవరుకు తాకి చిరుగుతదని రెండు కవర్లు ఏసిన. ముడి నా చేతి ముడే, పాత సైకిల్ ట్యూబు రబ్బరు.

యుమ్నా ఈ నడుమ నా మీద కండ్లు పెట్టుకొని కూసుంటది. నేను బయటికి పోతె ఎనకనే ఎవలనో ఒకలను తోలుతది. పంతులమ్మ కద, ఇంట్ల కూడ హాజరు తీసుకుంటది. సరే తియ్యి, బిడ్డ బాధ బిడ్డది.

ఈ తాప డబ్బా కట్టుడు నిమ్మళంగయింది. ఎవల మనసు కష్టపెట్టకుంట కట్టిన.

రహీమ్


కరీంనగర్,
ఆగస్టు 24.

రహీమ్ గారికి,

నిన్న వచ్చిన డబ్బాలో రెండు చేపలూ చచ్చి ఉన్నాయి. బస్సు ఆలస్యం కాలేదు. కవర్లు చిరగలేదు, ఆక్సిజన్ తగ్గలేదు. మూత తీయగానే వాసనకు మమతారాణి కొంగు అడ్డం పెట్టుకుంది. నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. కవరు అడుగున పచ్చసొన, చిటికెడు కాదు, ముద్దకు ముద్ద.

సిద్దిరాములు భార్యను వెంటబెట్టుకుని, మిఠాయి పట్టుకుని, హుజూరాబాద్ నుంచి వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. డబ్బా అతని ముందే తెరిచాను. "గిదేనా సార్, మీ రహీమ్ సాబ్ పనితనం?" అన్నాడు. తల ఎత్తబుద్ధి కాలేదు నాకు. అతను సాయంత్రానికల్లా గ్రూపులో ఫోటో పెట్టాడు. ఆదిలాబాద్ నుంచి ఎవరూ చేపలు తెప్పించుకోవద్దని కింద ఎవరెవరో రాశారు. నేను ఏం జవాబు చెప్పాలి?

నాకు ఈ ఉపవాసం పాఠం నేర్పింది ఎవరు? ఒకసారి గప్పీలకు కాస్త దాణా వేసి పంపానని నన్ను దులిపేసి, ఎన్నాళ్లో ఉత్తరం రాయని మనిషివి నువ్వే కదా! ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వనని రాయాలి. ఆ మూగజీవాల కడుపు నింపి చంపి పంపడం ఏమిటి? నీ మసి జాతి గురించి ఇక ఎవరి దగ్గరా మాటెత్తను. అమానత్ జోడీ నా దగ్గర భద్రంగానే ఉంది. కావాలంటే తిరిగి పంపిస్తాను.

శరత్‌చంద్ర


ఆదిలాబాద్,
సెప్టెంబర్ 1.

తమ్మీ,

"గారు" అని రాసినవు. నన్ను. పైకెళ్లి కిందికి చదివిన, కిందికెళ్లి పైకి చదివిన, ఆ ముక్క కాడనే కన్ను ఆగింది.

నేను దాణా ఎయ్యలే. ఖుదా కసం ఎయ్యలే. ఇన్నేండ్ల పని నాది, నాకు తెల్వదా? నువ్వన్నావని నేను హఫీజాను అడిగిన. ఆమె మాట్లాడ్తలేదు, నవ్వుతున్నది. నేను నమాజుకు పోయినప్పుడు ఆమెనే ఏసి ఉంటది. ఆమె సంగతి నీకెరికే కద, మనసు మెత్తటిది, ఆకలి అంటె ఓర్వది. జర ఆమెను మాఫ్ జెయ్యి. నీకు సలాం చెప్పుమన్నది. మమతారాణిని ఒక్కసారి తోలుకరమ్మన్నది, ఎన్నొద్దులాయె సూడక అంటున్నది.

ఇగో ఇంకో జోడీ పంపుతున్న. ఈ తాప నేనే ట్యాంకు కాడ కావలి కూసున్న. నీ దోస్తుకు ఇయ్యి. అమానత్ తిరిగి పంపుతనని రాయకు, గది కడుపుల కత్తి పెట్టినట్టున్నది.

నీ అన్న,
రహీమ్


కరీంనగర్,
సెప్టెంబర్ 4.

బేటీ యుమ్నా,

ఇంటికి రాస్తే మీ నాన్న చేతిలో పడుతుందని బడి అడ్రసుకు రాస్తున్నాను. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి పెట్టేశాను. నోటితో అడగలేని మాట ఇది.

మీ నాన్న నిన్న ఇంకో జోడీ పంపాడు. అవీ బతకలేదు. అదే పచ్చసొన, అవే తెల్ల నీళ్లు. ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు, పెరట్లో జామ చెట్టు కింద పాతిపెట్టాను. కోపం రాలేదు. డబ్బా మూతకు అతికించిన ఉత్తరం చదివాక కోపం ఎలా వస్తుంది?

మీ అమ్మ నాకు సలాం చెప్పమన్నదని రాశాడు. అమ్మా, ఆ రోజు ఖబ్రస్తాన్‌లో మీ నాన్న భుజం పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. పిడికెడు మట్టి నేనూ వేశాను. ఆ ఉత్తరం మమతారాణికి చదివి వినిపించాను.

ఆ ముందు ఉత్తరంలో ఆయన్ని అనరాని మాటలన్నాను. ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు రాయి. కాకా పరేషాన్ అవుతాడని దాచకు.

మీ శరత్ కాకా


ఆదిలాబాద్,
సెప్టెంబర్ 11.

శరత్ కాకాకు యుమ్నా సలాం.

మీకు ఎప్పుడో రాయాల్సింది. ఇంకొకరికి చెబితే నిజమైపోతుందని భయం. స్టాఫ్ రూములో కూర్చుని రాస్తున్నాను, పక్కన టీచర్లు ఏమైంది ఏమైంది అంటున్నారు.

అబ్బాకు మతిమరుపు జబ్బు. నిజామాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపించాను. వెనక్కి తగ్గేది కాదు, నెమ్మదిగా ముదురుతుంది అన్నారు. పొద్దున చేపలకు దాణా వేస్తాడు, వేసిన సంగతి మర్చిపోయి మళ్లీ వేస్తాడు, నేను బడి నుంచి వచ్చేసరికి నీళ్లు విరిగిన పాలలా ఉంటాయి. చచ్చినవాటిని ఆయన చూడకముందే తీసేస్తున్నాను. "ఏంజెల్లు తక్కువ కనవడ్తున్నయి బిడ్డా" అని అడుగుతాడు. "శరత్ కాకాకు పంపినవు కద అబ్బా" అంటున్నాను. మీ పేరు పెట్టి అబద్ధమాడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ మాట వింటే ఆయన మొహం విప్పారుతుంది.

అమ్మీ కోసం పళ్లెం పెడతాడు. పెట్టొద్దని మొదట్లో చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఆమె అప్పుడే పోయినట్టు ఏడుస్తాడు. ఒకే చావును మా అబ్బాకు ఎన్నిసార్లు చూపించను కాకా? ఇప్పుడు నేనే రెండు పళ్లాలు పెడుతున్నాను.

చేపలు చచ్చిపోతున్నాయని కాదు నా భయం. పోయిన శుక్రవారం ట్యాంకులో పైపు పెట్టి మర్చిపోయాడు. ఇల్లంతా నీళ్లు, నీళ్లలో ఎయిర్ పంపు వైర్లు, మధ్యలో ఆయన. పక్కింటి ఓంప్రకాశ్ అన్న మెయిన్ ఆపకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. ట్యాంకులు తీసేద్దామన్నాను. "నన్ను గూడ తీసెయ్యి" అన్నాడు. నా మాట వినడు, డాక్టరు మాట వినడు. మీ మాట వింటాడు. మసి జాతివి ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని అమానత్‌గా మీ ఇంట్లో పెట్టమని మీరు అడిగితే ఇస్తాడు. తీసుకుంటున్నామని తెలియకుండా తీసుకోవాలి. ఆయన దగ్గర ఇంకేమీ మిగలదని తెలిసే అడుగుతున్నాను. మీరు కాక ఎవరున్నారు మాకు?

యుమ్నా


కరీంనగర్,
సెప్టెంబర్ 20.

రహీమన్నా,

ముందు నన్ను తిట్టు. "గారు" అని రాసిన చేతిని నరికేసుకోవాలనిపిస్తోంది. ఎవడో హుజూరాబాద్ వాడి ముందు పరువు పోయిందని నిన్ను అన్నాను. వదినను నేను మాఫ్ చేసేదేమిటి? ఆమె చేతి అన్నం తిన్నవాణ్ణి. నువ్వే నన్ను మాఫ్ చెయ్యి.

ఇప్పుడొకటి అడుగుతాను, కాదనకు. నా దగ్గరున్న జోడీ గుడ్లు పెడుతోంది, మర్నాటికి తనే తినేస్తోంది. ఒక్క జోడీతో నావల్ల కావడం లేదు. నీ దగ్గర మిగిలిన మసి ఏంజెల్లన్నీ కొన్నాళ్లు నా ఇంట్లో అమానత్ పెట్టు. హాలంతా ఖాళీ ట్యాంకులే. పెద్దపల్లి పొలం దగ్గరి బావి నీళ్లు తెప్పించి నింపాను. బస్సుకు వేయకు, జాగ్రత్తగా తీసుకుపోవడానికి బండి పంపుతాను. డబ్బాలు మాత్రం నీ చేత్తోనే కట్టు, నీ ముడి నాకు రాదు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి రాశాను అన్నా. ఇవ్వనంటే ఇవ్వనని రాయి. నేను అర్థం చేసుకుంటాను.

నీ తమ్ముడు,
శరత్


ఆదిలాబాద్,
సెప్టెంబర్ 27.

తమ్మీ,

ఇయ్యాల పొద్దు మంచిగున్నది. దిమాక్ సాఫ్‌గ ఉన్నది. గందుకే జల్ది జల్ది రాస్తున్న, మబ్బు కమ్మకముందే.

నువ్వు ఎందుకడుగుతున్నవో నాకు సమజ్ కాలే అనుకున్నవా? గుడ్లు తింటున్నయని రాసినవు. కొత్త జోడీ గుడ్లు తినే సంగతి నీకు నేర్పిందే నేను, రెండు మూడు తాపలు తిన్నంక అవే పిల్లలను సాదుకుంటయి. యుమ్నా రాసి ఉంటది. బిడ్డను ఏమనకు. మొన్న ఇంట్ల నీళ్లు జూసి అది ఏడ్సుకుంట తుడుస్తుంటె నేను "వానొచ్చిందా?" అని అడిగిన్నట. నాకు యాది లేదు. ఓంప్రకాశ్ చెప్పిండు.

హఫీజా లేదు. ఇయ్యాల నాకు ఎరికే. రేపు ఎరికుంటదో లేదో తెల్వది. ఎరికలేనొద్దే సుఖంగుంటది తమ్మీ, ఆమె ఇంట్ల తిరుగుతుంటది. ఎరికైనొద్దు ఇల్లు ఇల్లు లెక్క ఉండది.

తీస్కపో. అన్నీ తీస్కపో. జాతి పోవద్దని దోస్తు ఇంట్ల జోడీ పెట్టుకుంటం. మరి నా యాదిని ఎవలింట్ల పెట్టాలె? యుమ్నా చిన్నప్పటి మొఖం, హఫీజా గొంతు, షాపుల నా మొదటి సైకిల్, ఇవన్నీ ఒక్క ఇంట్లనే పెట్టుకున్న. ముందుగాల సోయి లేకపాయె.

నేను ఎట్లున్నా గాని, నువ్వు కాయిదం రాసుడు బంద్ జెయ్యకు.

రహీమ్


కరీంనగర్,
అక్టోబర్ 13.

బేటీ యుమ్నా,

చేపలన్నీ బతికే చేరాయి. ఒక్కటీ పోలేదు. మీ నాన్న కట్టిన డబ్బాలు కదా.

నువ్వు లోపల టీ పెడుతున్నప్పుడు వరండాలో జరిగింది నీకు చెప్పకుండా వచ్చేశాను. చెబితే అక్కడే ఏడ్చేవాణ్ణి. బండి పంపుతానని రాసి నేనే వచ్చాను కదా, నన్ను చూసి సంబరపడతాడనుకున్నాను. గడపలో నిలబడి "అన్నా" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "చెప్పులు ఆడ ఇడువు, తడి ఉన్నది" అన్నాడు. కూర్చుని కవర్లు కడుతున్నాడు. అమ్మా, ఆ చేతులు ఏమీ మర్చిపోలేదు. నీళ్లు ఎంత, గాలి ఎంత, ముడి ఎన్ని చుట్లు, అన్నీ అలాగే. నేను పక్కన కూర్చుని రబ్బర్లు అందించాను.

అన్నీ సర్ది మూతలు పెట్టి, ఒక డబ్బా నా చేతికిచ్చాడు. "నువ్వేనా కరీంనగర్ బండాయన? జర పైలంగ తీస్కపో బాబు, ఎత్తేయకు. ఇవి మా శరత్ తమ్మికి పోవాలె. విత్తనాల షాపు. యాది పెట్టుకుంటవా?" అన్నాడు.

పెట్టుకుంటానన్నాను.

"వానికి కోపం జాస్తి, మనసు మంచిది. నా మీద కోపానికొచ్చిండు ఓసారి. నేనేం అనుకోలే అని చెప్పు. మర్సిపోతవేమో, మర్సిపోకు" అన్నాడు. చెబుతానన్నాను. జేబులోంచి టీకి డబ్బులు తీసి నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. తీసుకోకపోతే బండివాణ్ణి కానని తెలిసిపోతుంది.

నిర్మల్ దాకా ఎలా నడిపానో నాకు తెలియదు. ఘాట్ దిగాక బండి పక్కకు ఆపి ఏడ్చాను. ఎదురుగా నిలబడ్డా అందని మాట ఉత్తరంలో అందుతుందేమో. రాస్తూనే ఉంటాను, నువ్వు చదివి వినిపించు.

శరత్ కాకా


ఆదిలాబాద్,
డిసెంబర్ 18.

శరత్ కాకాకు సలాం.

ఈ డబ్బా తెరిచి మీరు కంగారు పడతారని విడిగా ఈ చీటీ పెడుతున్నాను. అబ్బా రాసిన కాయిదం మూత కింద ఉంది. కవర్లలో చేపలు లేవు. నీళ్లే.

మీరు తీసుకుపోయాక ఒక్క ట్యాంకు ఉంచాను, ఖాళీ నీళ్లతో, గోడకు ఎత్తుగా బిగించిన పంపుతో. ఆ బుడగల చప్పుడు లేకపోతే ఆయనకు నిద్ర పట్టడం లేదు. ఇవాళ బడి నుంచి వచ్చేసరికి డబ్బా కట్టి, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "బస్సు పోతది బిడ్డా, జల్ది" అన్నాడు. లోపల ఏమీ లేదని చెప్పబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను. బస్టాండుకు ఇద్దరం కలిసే వచ్చాం, డబ్బా వేసే ముందు ఇక్కడే ఇది రాస్తున్నాను. పార్సిల్ రాసుకునేవాడు లోపల ఏముందని అడిగితే నేనే "చేపలు" అన్నాను.

నన్ను పేరు పెట్టి పిలవడం ఆగిపోయింది. "మేడమ్" అంటున్నాడు. మీ పేరు మాత్రం ఇంకా పోలేదు. అందిందని ఒక్క ముక్క రాయండి కాకా. రేపటి నుంచే అడుగుతాడు.

యుమ్నా

తమ్మీ శరత్, సలాం. జోడీ పంపుతున్న. మంచి జోడీ, నా తాన ఉన్నయాట్ల అన్నిటి కన్న మంచిది. చలి జాస్తిగున్నది, పేపర్లు చుట్టిన. ఒక్క తప్పు జేసిన. హఫీజా లొల్లికి ఓర్వలేక జర పచ్చసొన ఏసిన. కోపానికి రాకు. అందినంక రాయి. రహీమ్.


కరీంనగర్,
డిసెంబర్ 20.

రహీమన్నా,

సలాం. డబ్బా అందింది. జోడీ మంచిగున్నది.

బస్టాండుకు నేనే పోయిన. ఒళ్లె పెట్టుకొని తెచ్చిన, ఎవలను ముట్టనియ్యలే. ముందుగాల నీ కాయిదం చదివి, తర్వాతనే కవర్లు ముట్టిన. వాటిని ట్యాంకుల తేలేసి పక్కన కుర్చీ ఏసుకొని కూసున్న. మమతారాణి వచ్చి "ఏం జూస్తున్నవు?" అన్నది. "అన్న పంపిన జోడీ" అన్న. ఆమె ఇంకో కుర్చీ తెచ్చుకొని నా పక్కన కూసున్నది. శానసేపు ఇద్దరం జూసుకుంట కూసున్నం. నువ్వన్నది నిజమే, గిసొంటి జోడీ నాకు ఎన్నడు రాలే.

నీళ్లు జర తెల్లగైనయి. ఏం కాలే. కోపమెందుకొస్తదే? పెట్టనియ్యి వదినను. ఇగ నువ్వు ఆమె చెయ్యి గుంజకు. గడప దాటేటోళ్లను ఆకలితోని పంపుడు మనకెందుకు, తినే పోనియ్యి. నేను ఎన్నడో తెలివి లేక ఒక కాయిదం రాసిన, గది దొరికితె పొయ్యిల పెట్టు.

మీ బండాయన కనవడ్డడు. నువ్వు చెప్పిన మాట చెప్పిండు, ఒక్క ముక్క మర్సిపోలే. నాకు అందింది.

ఆడ చలి జాస్తి ఉంటది, చెవులకు మఫ్లర్ కట్టుకో. మీ ఇంట్ల మేడమ్ ఉన్నది సూడు, ఆమె పెట్టింది తిను, ఆమె మంచి మనిషి, ఆమెను పరేషాన్ జెయ్యకు. వదినకు నా సలాం చెప్పు. మమతారాణి కూడ సలాం చెప్పుమన్నది.

ఇంకో జోడీ ఎప్పుడు పంపుతవో రాయి. ఎప్పుడు పంపినా బస్టాండుకు నేనే వస్త.

నీ తమ్ముడు,
శరత్